అమీర్‌పేటలో వెనక్కి పారే యాంగ్‌ట్సీ

ప్రపంచంలో ఏ నదైనా ఎత్తులో పుట్టి పల్లానికి పారుతుంది. మా సందులో మాత్రం ఒక నది సముద్రంలో పుట్టి కొండలెక్కుతుంది. మైత్రీవనం వెనక పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు గానీ, నా చేతికొచ్చిన ప్రతి సెంటరు మెటీరియల్లోనూ చైనావాళ్ళ యాంగ్‌ట్సీ ఇదే ఘనకార్యం చేస్తోంది. "పుట్టుక నుంచి సముద్రం వరకు ఉన్న నగరాలు" అని పైన లావుగా అచ్చేసి, కింద షాంఘై, నాన్‌జింగ్, వూహాన్, చుంగ్‌కింగ్ అని వరుసగా ఇస్తారు. షాంఘై ఉన్నది నది సముద్రంలో కలిసే చోట. చుంగ్‌కింగ్ ఎక్కడో లోపల, కొండల మధ్య. అంటే వీళ్ళ లెక్కన నీళ్ళు సముద్రంలోంచి లేచి, మైదానాలు దాటి, లోయలు ఎగబాకి, టిబెట్ మంచులోకి పోయి గడ్డకట్టి కూర్చుంటాయన్నమాట. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టమనే జనం. ఇదేం విడ్డూరమని ఒక్కరూ అడగరు.

ఈ తప్పు ఎలా పుట్టిందో చెప్తాను. మా దగ్గర దేన్నీ చదవరు, దానికో కోడ్ కడతారు. రాజుల వంశాలకు కోడ్, విటమిన్లకు కోడ్, రాజ్యాంగ సవరణలకు కోడ్. ఈ నదికి కట్టిన కోడ్, "షావుకారు నన్ను వూరికే చూసిండు." షా అంటే షాంఘై, న అంటే నాన్‌జింగ్, వూ అంటే వూహాన్, చూ అంటే చుంగ్‌కింగ్. ఎవరో మహానుభావుడు సముద్రం వైపు నుంచి పైకి కడితే వాక్యం కుదిరిందని అలా కట్టాడు. అంతవరకు అతన్ని తప్పు పట్టలేం. ఆ తర్వాత డీటీపీ చేసిన పెద్దమనిషి ఎవరో దాని నెత్తిన "పుట్టుక నుంచి సముద్రం వరకు" అని తగిలించాడు. ఆ కాగితాన్ని పక్క సెంటరువాడు జిరాక్స్ తీసి తన పేరు వేసుకున్నాడు, వాడి దగ్గర ఇంకొకడు తీసుకున్నాడు. కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదడం గురించి వినడమే గానీ, ఆ తోక పట్టుకుని యాంగ్‌ట్సీ కూడా ఈదుతారని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

నేను ఆ సెంటర్లలో ఒకదాంట్లో జాగ్రఫీ చెప్తాను. ఇల్లు పంజాగుట్టలో. ఉదయాన్నే మెట్రో లైను కిందుగా నడుచుకుంటూ వస్తే, ఆ స్తంభాల పొడుగునా ర్యాంకర్ల మొహాలు వేలాడుతుంటాయి. ఒకే పిల్లవాడు మూడు సెంటర్ల ఫ్లెక్సీల్లో మూడు రంగుల చొక్కాలతో నవ్వుతుంటాడు. వాణ్ని తయారుచేసింది తామేనని ముగ్గురూ బల్లగుద్ది చెప్తారు. నాకు కోపం ఎక్కువని మా ఆయనా, మా డైరెక్టరూ ఇద్దరూ అంటారు. వాళ్ళిద్దరికీ కుదిరే మాట అదొక్కటే. మా నాన్న భూమి వదిలేసి పట్నం వచ్చి మేస్త్రీ పని చేసినవాడు, గోడ వంకరగా లేస్తే తిన్నగా వచ్చేదాకా పడగొట్టించేవాడు. ఆ జబ్బే నాకూ వచ్చింది.

మా సెంటర్లో కోడ్ల కోసం ప్రత్యేకంగా ఒక మాస్టారున్నాడు. ఆయన క్లాసంటే గుమ్మం దాకా జనం. మైకు పట్టుకుని "షావుకారూ" అని దీర్ఘం తీస్తే, మూడొందల గొంతులు "నన్ను వూరికే చూసిండు" అని అందుకుంటాయి. మా రెండు గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క. నేను ఇవతల నది గురించి చెప్తుంటే అవతల షావుకారు చూస్తూనే ఉంటాడు. మాస్టారు చెడ్డవాడేమీ కాదు, కనిపిస్తే చాయ్ తాగుదాం రమ్మంటాడు. యాంగ్‌ట్సీ ఉత్తరాన ఉందో దక్షిణాన ఉందో అడిగితే మాత్రం దానికో కోడ్ ఉందంటాడు.

నేను కోడ్లు చెప్పను. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీస్తాను. ఎడమ చివర మంచు కొండలు. అక్కడి నుంచి దూకి, మలుపులు తిరిగి, నది ఒక పెద్ద పళ్ళెం లాంటి పల్లపు నేలలోకి దిగుతుంది. అక్కడ వరి, ఉప్పు, నూనెగింజలు. ఆ సరుకంతా చుంగ్‌కింగ్ రేవుకు చేరేది. దాని కింద ఇరుకు లోయలు, వాటిలో నీటి వడికి పడవలు బద్దలైపోయేవి. లోయలు దాటితే మైదానం, పక్కనే పెద్ద పెద్ద సరస్సులు. వూహాన్ దగ్గర ఇంకో నది వచ్చి కలుస్తుంది, చుట్టుపక్కల కొండల్లో పండిన తేయాకు మూటలు అక్కడే గుట్టలు పోసేవారు. ఇంకా దిగువన ఒక సరస్సు మీదుగా పింగాణీ పాత్రలు గడ్డిలో చుట్టి పంపేవారు. నాన్‌జింగ్ దాటాక మనుషులు తవ్విన పెద్ద కాలువ ఒకటి నదిని అడ్డంగా దాటి ఉత్తరానికి పోతుంది. రాజధానిలో రాజుగారి కంచంలోకి అన్నం ఆ కాలువ మీదే వెళ్ళేది. ఇక సముద్రం దగ్గరికొస్తే పట్టు. మన కథల్లో రాజకుమార్తెలకు చీని చీనాంబరాలు కట్టబెడతాం కదా, ఆ పట్టు దేశం అదే. ఒక్క నది చుట్టూ ఇంత బతుకు అల్లుకుని ఉందని చెప్పేసరికి నాకే ఒళ్ళు పులకరిస్తుంది.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేస్తుంది. "మేడం, గిది బిట్ల వస్తదా?" బిట్ అంటే పరీక్షలో వచ్చే చిన్న ప్రశ్న. రాదంటే పెన్నుల మూతలు టకటకా పడిపోతాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం ఊదేవాడి బుగ్గలు చూస్తాడు, వీళ్ళు ఫోను చూస్తారు.

అట్లాంటి క్లాసులో ఒకరోజు ఒకమ్మాయి నన్ను నిజమైన ప్రశ్న అడిగింది. ఎండాకాలం బ్యాచ్‌లో చేరిన పిల్ల, కిటికీ పక్కన కూర్చునేది. కిందికొచ్చిన పడవలు మళ్ళీ పైకి ఎలా పోతాయని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మనుషులు లాగేవారని చెప్పాను. వెదురు నారతో పేనిన మోకులు భుజాలకు తగిలించుకుని, కొండ రాతిలో తొలిచిన ఇరుకు దారి మీద వంగి, కొన్నిచోట్ల వందల మంది కలిసి ఒక్క పడవను ఏటికి ఎదురు లాగేవారు. జారితే కింద నది. ఆవిరి పడవలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది, ఇప్పుడక్కడ పెద్ద ఆనకట్ట కట్టారు, ఆ దారులు చాలావరకు నీళ్ళ కింద ఉన్నాయి. ఆ అమ్మాయి అంతా విని, పైకి పోయే సరుకు కిందికి వచ్చే సరుకు కన్నా ప్రియంగా ఉండేదేమో మేడం అంది. ఆ మాట ఏ మెటీరియల్లోనూ లేదు, తనే ఆలోచించి అన్నది.

తర్వాత మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళది నేతపని ఊరు. తాతతోనే మగ్గం ఆగిపోయిందట. అన్న ఊళ్ళో టైలరింగ్ షాపు నడుపుతూ చెల్లెలిని హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాడు. ఆమె మధురానగర్ హాస్టల్లో ఉంటూ, సాయంత్రాలు అక్కడే ఒక బ్లౌజుల షాపులో చీరలకు ఫాల్ కుట్టేది. ఇప్పటికి రెండు పరీక్షలు పోయాయి. అన్నకు ఇద్దరు పిల్లలు, రెడీమేడ్ బట్టలొచ్చాక షాపుకు గిరాకీ లేదు. ఇక తనవల్ల కాదన్నాడట, అతన్ని అనడానికీ లేదు. ఊళ్ళో బట్టల షెడ్డులో కుట్టుపని సిద్ధంగా ఉంది. మా సెంటర్లో ఏటా ఒక టెస్టు పెట్టి, పైన వచ్చినవాళ్ళను స్టార్ బ్యాచ్‌లో వేసుకుంటారు. వాళ్ళకు అసలు పరీక్ష అయ్యేదాకా హాస్టలు, కోచింగు, తిండి ఉచితం. ఫ్లెక్సీల మీదికి మొహాలు కావాలి కదా, అందుకే ఆ దానం.

"టెస్టుల సీటు రాకుంటే బట్టలు సదురుకొని రమ్మన్నడు మేడం మా అన్న" అంది ఆ అమ్మాయి.

టెస్టు అయింది. ఆమెకు ఒక్క మార్కులో సీటు పోయింది. వాట్సాప్‌లో జవాబుల కీ రాగానే ప్రశ్నపత్రం పట్టుకుని నా దగ్గరకొచ్చింది. యాంగ్‌ట్సీ మీది నగరాలను పుట్టుక నుంచి సముద్రం వరకు సరైన వరుసలో గుర్తించండి. ఆమె చుంగ్‌కింగ్ ముందు, షాంఘై చివర ఉన్న జవాబు పెట్టింది. కీలో షావుకారు ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెను అక్కడే ఉండమని, అట్లాసు చంకలో పెట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళాను.

మా డైరెక్టరు కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. కోపమొచ్చినా, ఉద్యోగంలోంచి తీసేసినా పేరు చివర గారు తగిలించే చేస్తాడు. అట్లాసు తెరిచి ఆయన ముందు పెట్టాను. కొండలెక్కడ, సముద్రమెక్కడ వేలితో చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, పుస్తకం బాగుందండీ, ఎక్కడ కొన్నారని అడిగాడు. తర్వాత కోడ్ మాస్టారిని పిలిపించాడు. మాస్టారు ఒక్క చూపు చూసి, మేడం చెప్పిందే కరెక్టని ఒప్పేసుకున్నాడు. నాకు హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్య గొంతులో ఉండగానే మాస్టారు రెండో మాట అన్నాడు. పిల్లలందరూ మెటీరియల్లో ఉన్నట్టే పెట్టారట. ఇప్పుడు కీ మారిస్తే సీట్లొచ్చినవాళ్ళకు పోతాయి, వాళ్ళు వచ్చి లొల్లి చేస్తారు, పక్క సెంటరువాళ్ళు దాన్ని వీడియో తీసి పెడతారు. కాబట్టి జర లైట్ తీసుకొమ్మని నాకు సలహా ఇచ్చాడు.

తప్పని తెలియక చేసేవాణ్ని భరించొచ్చు. తెలిసి, ఒప్పుకుని, చాయ్ చప్పరిస్తూ తప్పును కాపాడేవాణ్ని ఏం చెయ్యాలి? నది కొండెక్కదు సార్ అని అరిచాను. బయట రిసెప్షన్ అమ్మాయి తలుపు సందులోంచి తొంగి చూసింది. డైరెక్టరు చేతులు జోడించి, ఏంటి మేడం గారూ, ప్రతిదానికీ గొడవేనా అన్నాడు. కాసేపు కణతలు రుద్దుకున్నాడు. ఆ తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది.

"వివాదం వద్దండీ. ఆ ప్రశ్నకు అందరికీ ఒక మార్కు కలిపేద్దాం."

తప్పు పెట్టి ఇప్పటికే మార్కు తెచ్చుకున్నవాళ్ళ సంగతేమిటని అడిగాను. వాళ్ళకూ ఇంకోటి కలుపుదాం, లేకపోతే బాధపడతారు, న్యాయం అందరికీ సమానంగా ఉండాలి కదండీ అన్నాడు. అంటే ఒకే ప్రశ్నకు తప్పు రాసినవాడికి రెండు, ఒప్పు రాసినదానికి ఒకటి. ఇంత గొప్ప న్యాయం ఏ రాజు ఆస్థానంలోనూ జరిగి ఉండదు. ఆ సాయంత్రమే గ్రూపులో మెసేజ్ పెట్టారు, విద్యార్థుల ప్రయోజనం దృష్ట్యా అందరికీ ఒక మార్కు అని. కింద దండాలు పెట్టే బొమ్మలు, చప్పట్ల బొమ్మలు బారులు తీరాయి.

మెట్ల మీద కూర్చుని ఉన్న అమ్మాయికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏడవలేదు.

"అందరికి కలిపితే నాకేం కలిసినట్టు మేడం?" అంది.

సిగ్గుతో నా తల వంగిపోయింది. సిగ్గుపడాల్సినవాళ్ళు ఏసీ గదిలో ఉన్నారు, అయినా నాకే వచ్చింది.

దేవుడు ఒక సందు వదిలాడు. సీట్లొచ్చినవాళ్ళలో కొందరు ఇంకో సెంటరువాళ్ళు కూడా ఉచితమంటే అటు పోయారు. అదీ మా సందు ఆచారమే, దొంగ సొత్తు దొరల పాలు. మిగిలిన సీట్లకు ఇంకో టెస్టు పెడతామన్నారు. అమ్మాయి అన్నను బతిమాలి అప్పటిదాకా గడువు తెచ్చుకుంది. నేను రోజూ డైరెక్టరు ప్రాణం తీశాను. మెటీరియల్ మార్చమంటే, పాత ప్రింటు అయిపోవాలి కదండీ అన్నాడు. ఆ ప్రశ్నయినా మళ్ళీ ఇవ్వకండి అంటే, రాదు లెండి అని నెత్తిన చెయ్యి పెట్టుకుని మాటిచ్చాడు. క్లాసులో మాత్రం నేను ఊరుకోలేదు. బోర్డు మీద గీత గీసి, బాణం గుర్తు పెట్టి, పుట్టేది ఇక్కడ, కలిసేది అక్కడ అని అందరి చేతా చెప్పించాను. చెక్క అవతల షావుకారు యథాప్రకారం చూస్తున్నాడు.

టెస్టు రోజు హాల్లో కాపలా నాకే వేశారు. కాగితాలు పంచుతూ చూద్దును కదా, అదే ప్రశ్న. అక్షరం మారలేదు, నంబరు మాత్రం మారింది. కొత్త ప్రశ్న రాసే ఓపిక కూడా లేదు ఈ మేధావులకు, పాతవాటినే చీట్ల పేక కలిపినట్టు కలుపుతారు. అమ్మాయి ఆ ప్రశ్న దగ్గరకొచ్చినప్పుడు తలెత్తి నా వైపు చూసింది. పరీక్ష హాల్లో నేనేం చెప్పగలను? కానీ లోపల ధైర్యంగానే ఉన్నాను. పెట్టు తల్లీ, సరైనదే పెట్టు, ఈసారి ఆ కీ మార్చకపోతే వాళ్ళ గది తలుపు పీకేస్తాను అనుకున్నాను. ఆమె తల వంచుకుని రాసుకుంది.

ఫలితాల్లో ఆమెకు సీటొచ్చింది. నా సంతోషం చూడాలి మీరు. గెలిచాననుకున్నాను. నా నోటికి భయపడి కీ మార్చారన్నమాట, ఈ మనుషుల దగ్గర అరిస్తే గానీ పని కాదని ఇంట్లో మా ఆయనకు అన్నం వడ్డిస్తూ చెప్పాను, కూర వడ్డిస్తూ మళ్ళీ చెప్పాను. మర్నాడు పొద్దున పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఫ్లెక్సీల మీది మొహాలన్నిటినీ క్షమించేసి నడిచాను.

సెంటరు కింద టిఫిన్ బండి దగ్గర అమ్మాయి నా కోసమే నిలబడి ఉంది. హాస్టల్ మారుతున్నట్టుంది, పక్కన బట్టల సంచి పెట్టుకుని ఉంది. అన్న ఫోన్లో ఏడ్చాడని చెప్పింది. చూశావా, చివరికి కీ మార్చక తప్పలేదు వాళ్ళకు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, కళ్ళు దించుకుంది.

"కీ మారలే మేడం, గదే ఉన్నది. నేనే గీసారి మెటీరియల్ల ఉన్నట్టు పెట్టిన. గా ఒక్క మార్కుతోనే వచ్చింది సీటు."

నాకు మొదట ఆమె మీదే కోపమొచ్చింది, దాచుకోను. అంత చక్కగా అర్థం చేసుకున్న పిల్ల, మోకుల గురించి అడిగిన పిల్ల, తెలిసి తెలిసి నదిని కొండెక్కించింది. కానీ అట్లా ఎక్కించకపోయి ఉంటే ఆ సంచి ఈ పొద్దున ఊరి బస్సులో ఉండేది. ఇది అర్థమయ్యాక మింగలేక కక్కలేక నిలబడ్డాను. మంచి పని చేశావన్నాను. వేరే ఏమనాలి?

వెళ్ళబోతూ ఆగింది.

"మరి అసలు పరీక్షల వస్తే ఏం పెట్టాలె మేడం?"

"నది ఎటు పారితే అదే పెట్టు. అక్కడ మన డైరెక్టరు ఉండడు" అన్నాను.

"మీరు చెప్పింది నాకు మంచిగ యాదికున్నది మేడం. గని, అక్కడ కీ చేసెటోళ్ళు ఏ మెటీరియల్ చదివిండ్రో మీకెర్కనా?"

ఆమె వెటకారానికి అనలేదు. నిజంగా నేను చెప్తానని, చెప్తే అట్లాగే పెడదామని ఎదురుచూస్తూ నిలబడింది. నాకు తెలియదన్నాను. ఆమె సరేనని తలూపి, సంచి భుజానికెత్తుకుని మెట్లెక్కి పైకి పోయింది.